మాజీ ఎమ్మెల్యే హామీ

కెనడాలోని రెజైనాలో ఇద్దరమ్మాయిలు బస్సు కోసం నిలబడ్డారు. వృద్ధాశ్రమంలో పనిచేసే చిన్నదానికి ఆ పొద్దున్నే వర్క్ పర్మిట్ రిజెక్ట్ అయింది.

"మా ఆశ్రమంలో ముసలాయనకి పర్మిట్ సంగతి చెప్పుకున్నానక్కా."

"జర్మనీలో ఎమ్మెల్యే చేసినాయనకా? కన్నకూతుర్నే గుర్తుపట్టడన్నావ్!"

"ఇరవై ఏళ్ళు గెలిచాడంట. పార్టీ పక్కన పెట్టేశాక కూతురి దగ్గరికొచ్చాడు. ఇప్పటికీ పొద్దున్నే టై కట్టుకుని జనం కోసం కూర్చుంటాడు."

"పిచ్చా నీకు?"

"మా ఊళ్ళో ఏ కష్టమొచ్చినా ఎమ్మెల్యే ఇంటికేగా పోయేది! చేతులు కట్టుకుని నిలబడ్డా."

"ఏమన్నాడు?"

"మంత్రితో మాట్లాడతా, రేపు రమ్మన్నాడు."

"పోయి కనబడు మరి, మహాతల్లీ!"

"రేపట్నుంచి డ్యూటీ లేదక్కా. పర్మిట్ లేనిదాన్ని ఆయన గుమ్మం దాకా ఎవరు పోనిస్తారు?"