అయిదో పేజీలో కంత

అటు తిరక్కు అత్తా. గోడకేసి చూస్తే నేను నోరు మూసుకుంటాననుకున్నావా? ఇవాళ మూసుకోను. పాలు కాలిపోతున్నాయి, చల్లారేదాకా వింటావు. వినక ఎక్కడికి పోతావు!

నీకు మాట పడిపోయి ఏడు నెలలు. ఈ ఏడు నెలలూ నీ కళ్ళు చూసే నీకేం కావాలో కనుక్కుంటున్నాను. మంచినీళ్ళా, దుప్పటా, కిటికీ మూయాలా. ఇప్పుడూ కనుక్కున్నాను. నా చేతిలో ఈ కట్ట చూడగానే హడలిపోయావు. అవునా, కాదా?

అదే, కింద మన కుట్టు కొట్లో బీరువా మీద ఉండే కట్ట. నా చిన్నప్పటి గౌన్లకి కొలతల ప్రకారం పాత పేపర్లో కత్తిరించుకున్న కటింగులు. కొట్టు మూసేస్తున్నాం కదా, పాత కాగితాల్లో పడేద్దామని దించాను. దించి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. అబ్బ, ఇంత చిన్నగా ఉండేదాన్నా అని ఒక్కొక్కటీ విప్పి చూస్తూ కూచున్నాను. నా ఆరో పుట్టినరోజు నుంచి పద్నాలుగో పుట్టినరోజు దాకా, తొమ్మిది గౌన్లు. ప్రతి గౌను వెనక భాగంలోనూ కాగితం మీద ఒక అతుకు.

కటింగుకి అతుకేమిటి? నలభై ఏళ్ళకి పైగా నీ పక్కన కూచుని కుట్టాను. కాగితం చిరిగితే పక్కన పడేసి ఇంకోటి తీసుకోవడమే గానీ, బంక రాసి అతుకు వేసిన పాపాన పోయావా ఎప్పుడైనా?

తడిగుడ్డ పెట్టి ఊడదీశాను. ఒక్కోదాని కింద ఒక కంత. అగ్గిపెట్టెంత. ఎనిమిది కంతలకి నాలుగు మూలలూ తిన్నగా, గీత గీసి కోసినట్టు. నీ చెయ్యి నాకు తెలీదా? తొమ్మిదోదాని సంగతి తర్వాత చెప్తాను. పై అంచున తారీకు చూస్తే నా పుట్టినరోజు. ఏడాది మారుతోంది, తారీకు మారడం లేదు. పేజీ కూడా అదే. అయిదు. ప్రకటనల పేజీ.

అప్పుడు గుర్తొచ్చింది. నా పుట్టినరోజు గౌను ఎప్పుడూ ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. దర్జీ ఇంట్లో పిల్లకి ఆఖర్నే అని నవ్వేదానివి. నేనూ నవ్వేదాన్ని, పిచ్చిమొద్దుని. ఆ రోజు పేపరు వచ్చేదాకా ఆగేదానివి. కంతపడిన పేపరు కొట్లో కనిపిస్తే ఎవరైనా అడుగుతారని, దాన్నే నా గౌనుకి కటింగు చేసి పారేసేదానివి. ఎంత తెలివి అత్తా నీది!

నిన్న ఆసుపత్రికి వెళ్తున్నానని చెప్పి పేపరు ఆఫీసుకి వెళ్ళాను. కింద చీకటి గదిలో పాత పేపర్లన్నీ ఏడాది ఏడాదిగా బైండు చేసి ఉన్నాయి. అక్కడో గుమాస్తా, ముక్కోపి మనిషి. నేను కటింగు తీసి పేజీ మీద పరుస్తుంటే, 'అమ్మా, పేజీల మీద ఏమీ పెట్టకూడదు' అని కసిరాడు. నేను వింటేగా. అంచుకి అంచు కలిపి పెట్టాను. కంతలోంచి మా అమ్మ మాటలు కనిపించాయి.

కళ్ళు మూసుకోకు. విను.

'నా కూతురు, ఆరేళ్ళది, ఎడమ మోచేతి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. జబ్బు చేసి రెండేళ్ళు ఆసుపత్రిలో ఉండగా నా ఆడబడుచు దగ్గర ఉంచాను. నయమై వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. ఆచూకీ తెలిసినవారు ఈ పేపరు ఆఫీసుకి రాయగలరు.'

నాకేం చెప్పావు నువ్వు? నాన్న ఎలాగూ నేను పుట్టకముందే పోయాడు, ఇక మీ అమ్మ నిన్ను వదిలేసి తన దారి తను చూసుకుంది, ఒక్కనాడైనా వెతికిందా అని కదూ? ఎన్నిసార్లు అన్నావో లెక్కుందా! నేను ఆవిడ్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో నీకు తెలుసు. నువ్వే దగ్గర కూచుని తల నిమిరేదానివి.

తర్వాతి ఏడాది నుంచి అమ్మ ఊరివాళ్ళతో మాట్లాడ్డం మానేసింది. నాతోనే మాట్లాడింది. 'గువ్వా, నీకు ఏడేళ్ళు. ముందు పళ్ళు ఊడాయా? ఎంత ఎత్తయ్యావు?' ఆ కంత పక్కనే నీ పెన్సిలు రాత. 'వయసు ఏడు, ఛాతీ ఇరవై నాలుగు, పొడవు ఇరవై అయిదు.' ఆవిడ అడుగుతోంది, నువ్వు పక్కనే జవాబు రాసి పెట్టావు. మధ్యలో ఒక్క కత్తెర. పోస్టులో వేయాల్సింది గౌనుకి వేశావు, అంతే తేడా.

గువ్వ. ఆ పేరుతో అమ్మ తప్ప నన్నింకెవరూ పిలవలేదు. నీకు నేను ఎప్పుడూ 'పిల్లా'నే.

ఆ గుమాస్తా ఉన్నాడే, ముక్కోపి, రెండోది చదివాక నన్ను కుర్చీలో కూచోబెట్టి మిగతావి తనే తీశాడు. అన్నీ అయ్యాక మెల్లగా, 'మరణ ప్రకటనలు కూడా చూద్దామా అమ్మా?' అన్నాడు. వద్దనాల్సింది. చూద్దామన్నాను.

దొరికింది. నా పదిహేడో ఏట. మూడే మూడు వరసలు. ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే గదిలో తోటివాళ్ళు వేయించారు. ఆవిడదీ కుట్టుపనే అత్తా, మన పనే. చివర ఏమని ఉందో తెలుసా? 'ఆమెకు ఒక కూతురు ఉంది.' ఉంది! ఉన్నాను. ఎక్కడున్నాను? ఇక్కడ కూచుని ఎవరి పెళ్ళి గౌనుకో గుండీలు కుడుతున్నాను. అంత పెద్దదాన్ని, ఆ గదిలో బావురుమని ఏడ్చాను.

ఏడుస్తున్నావా? ఏడు. నేను తుడవను.

...

ఇలా తిరుగు, తుడుస్తా. చెవిలోకి కారుతున్నాయి.

సరే, తొమ్మిదోది. ఇది చూడు. ఇదిగో, నీ మొహం మీదికే పెట్టాను, చూడు. ఈ కంత వంకర. ఒక మూల చిరిగింది. ఇది నువ్వు కోసింది కాదు కదూ?

ఆ ఏడాది నీకు టైఫాయిడు. నేనే కొట్టు తెరిచాను, నేనే పేపరు తీశాను. ఊరికే తిరగేస్తుంటే అయిదో పేజీలో ఆ పేరు. 'గువ్వా, నీకు పద్నాలుగేళ్ళు. చదవడం వచ్చే ఉంటుంది. ఈసారి నువ్వే జవాబు రాయి. రాకపోతే నీకు అక్కడే బాగుందనుకుంటాను. ఇక పిలిచి ఇబ్బంది పెట్టను.'

పైన నువ్వు జ్వరం సంధిలో 'నన్నొదిలి పోకే పిల్లా, పోకే' అని అరుస్తున్నావు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఇన్నేళ్ళు కనబడని మనిషి, ఇప్పుడొచ్చి జవాబు రాయమంటే రాసేయాలా అని ఒళ్ళు మండింది కూడా. నిజం చెప్తున్నా, మండింది. చేతికందిన కత్తెర తీసుకుని కోసేశాను. నీ కంట పడకూడదని. ఆ ముక్కని వేసుకున్న గౌను అంచులో పెట్టి కుట్టేశాను. తర్వాత ఆ గౌను ఉతికితే ముద్దయిపోయింది. నిన్న ఆ గదిలో మళ్ళీ చదివాను, నలభై ఆరేళ్ళకి.

కంగారులో నేను తీసింది గుడ్డ కత్తెర. దాంతో కాగితం కోస్తే పదును పోతుంది, చెయ్యి విరగ్గొడతానని నువ్వు పొద్దస్తమానం అరిచే కత్తెర. జ్వరం తగ్గి లేచాక పట్టుగుడ్డ మీద పెట్టావు, తెగలేదు, పీకింది. నువ్వు కత్తెరని తిప్పి చూశావు. నన్ను చూశావు. ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి సాన పట్టించుకొచ్చావు.

ఎందుకనలేదో అప్పుడు తెలీలేదు. జ్వరం నీరసం అనుకున్నాను. మొన్న ఈ తొమ్మిదో అతుకు ఊడదీశాక తెలిసింది. నేను కోసిన కంతకి నువ్వు బంక రాసి అతుకు వేశావు. నేను చదివానని నీకు తెలుసు. తెలిసి, దాంతోనూ నాకు గౌను కుట్టావు.

చెయ్యి నొక్కుతున్నావేం? తెలుసనా? తెలుసనేగా?

నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. ఎనిమిదిసార్లు నువ్వు కోశావు, కాదనను. కానీ ఎనిమిదిసార్లూ ఆవిడ మళ్ళీ రాసింది అత్తా. నేను కోశాకే మానేసింది.

వచ్చే ఏడు జవాబు రాద్దాంలే అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. ఇక పిలవనని ఆవిడ రాసినా, అమ్మ కదా, పిలవకుండా ఉంటుందా అని. పదిహేనో పుట్టినరోజున నీకంటే ముందు లేచి, గుమ్మంలో కూచుని, పేపరు పడగానే అయిదో పేజీ తీశాను. ఇల్లు అద్దెకి, టైపు నేర్పబడును, కుక్కపిల్ల తప్పిపోయింది. రెండుసార్లు వెతికాను. అంతలో నువ్వు మెట్లు దిగి వచ్చావు. నా చేతిలో పేపరు తీసుకుని నువ్వూ అదే పేజీ చూశావు, కింది దాకా. నేను నీ మొహం చూడలేదు, నువ్వు నా మొహం చూడలేదు. పేపరు మడతపెట్టి బల్ల మీద పెట్టేశావు.

ఆ ఏడాది నువ్వు నాకు గౌను కుట్టలేదు. నేనూ అడగలేదు.

పాలు చల్లారిపోయాయి. నోరు తెరు.