మావాడి పేరు చెక్కించకండి

సభకు పెద్దగా కూర్చున్న వకీలు కుటుంబరావుగారికీ, నందిగామ నుంచి ఇంత ఎండలో వచ్చిన పెద్దలకూ, మన జగ్గయ్యపేట వర్తక సోదరులకూ, ఆ పక్కన కూర్చున్న అమ్మలకూ సుబ్బరాయుడి నమస్కారాలు. అయిదో తరగతితో బడి మానినవాణ్ణి, మిరపకాయల ధర అడిగితే చెబుతాను గానీ ఉపన్యాసం నాకెక్కడ వస్తుందండీ! అయినా రేపు కాశ్మీరు వెళ్లబోతున్న కొడుకును ఊరంతా కలిసి పూలదండలతో సాగనంపుతుంటే ఏ తండ్రి నోరు ఊరుకుంటుంది? నా ఆనందం ఈ పందిట్లో పట్టడం లేదు. మా చిన్నబాబు, అదే, మీరంతా గౌరవంగా భవానీప్రసాద్ అంటున్న ఈ పిల్లవాడు, మిలిటరీలో జమేదారు అయ్యాడు. ఇందాక కుటుంబరావుగారు, "ఏం శెట్టిగారూ, మీవాడు శత్రువును తుపాకీతో కొడతాడా, తూకంలో కొడతాడా?" అన్నారు. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను. వాడి పని సైన్యానికి బియ్యమూ పప్పూ లారీల్లో చేరవేయడమేనండి. కానీ గుండుకు ఆ సంగతి తెలుస్తుందా?

మొన్న మాఘమాసంలో వాడు రమ్మంటే నేనూ మా ఆవిడ సత్యనారాయణమ్మా బెజవాడలో రైలెక్కి ఢిల్లీ వెళ్లాం. అక్కడ ఆకాశానికి తగిలేంత ద్వారం ఒకటి చూపించాడు. దాని గోడల నిండా ఇంగ్లీషులో పేర్లే. మనం సత్రానికో గుడి మెట్లకో ఏదన్నా ఇస్తే రాతి మీద పేరు వేయిస్తాం కదండీ, నాకు తెలిసింది అదే. "ఒక్క ద్వారానికి ఇన్ని వేలమంది దాతలా! మనమూ ఏదో ఒకటి ఇచ్చి ఇక్కడ నీ పేరు వేయిద్దాంరా" అన్నాను. ఖాళీగా ఉన్న చోటు చూసి, ఇదిగో ఇక్కడ అని చెయ్యి కూడా పెట్టాను.

చిన్నబాబు నవ్వబోయి ఆగిపోయాడు. "వీళ్లు దాతలు కాదు నాన్నా. వెనకటి పెద్ద యుద్ధంలో ఫ్రాన్సులోనూ, ఇరాకులోనూ, తర్వాత ఆఫ్గను సరిహద్దులోనూ పోయినవాళ్లు. వీళ్ల కోసమే తెల్లవాళ్లు పదేళ్లపాటు దీన్ని కట్టారు."

నేను చెయ్యి తీసేశానండి.

మా ఆవిడ తలెత్తి చూసి, "ఏమండీ, అంత ఎత్తున రాస్తే ఆ తల్లులకు చెయ్యి అందుతుందా?" అంది. మరి మొన్న ముగిసిన రెండో యుద్ధంలో పోయినవాళ్లెక్కడా అని నేను అడిగితే, వాళ్ల పేర్లు ఇంకా ఎక్కడా వేయలేదన్నాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ ఖాళీ చోటే కళ్లలో ఉంది.



ఇప్పుడు మీరు ప్రేమతో, మన కొత్త గ్రంథాలయం ముందు రాయి నిలబెట్టి, పేట నుంచి యుద్ధానికి వెళ్తున్న మొదటి వీరుడని మావాడి పేరు చెక్కిస్తామన్నారు. అదుగో, ఆ మూల రత్తయ్య సుద్దతో అక్షరాలు గీసుకుని ఉలి పట్టుకుని కూర్చున్నాడు. రత్తయ్యా, నీ పని గొప్పది, నీకు దణ్ణం పెడతాను, ఆ ఉలి కింద పెట్టు నాయనా. ఆ సుద్ద తుడిచెయ్యి. అధ్యక్షులవారూ, కోపం తెచ్చుకోకండి. దేశానికి కొడుకును ఇవ్వనని అనడం లేదు. గరికపాడు అవతల నైజాం ఊళ్లనుంచి రజాకార్ల భయానికి పిల్లల్ని చంకనేసుకుని పారిపోయి వచ్చిన తల్లుల్ని మన సత్రంలో రోజూ చూస్తున్నాను, ఎవరో ఒకరి బిడ్డ వెళ్లాలని నాకూ తెలుసు. వాడు వెళ్తాడు. పేరు మాత్రం నా దగ్గర ఉంచండి. రాతి మీద పేరును వచ్చేపోయే వాళ్లందరూ చదువుతారు గానీ, పిలిస్తే అది పలకదు కదండీ.

ఒరే చిన్నబాబూ!

("ఇక్కడే ఉన్నా నాన్నా!" అని సభలోంచి)

విన్నారా? నాకు ఇది చాలు. మీరు వేసిన దండలకూ, చూపిన దయకూ చేతులెత్తి మొక్కుతున్నాను. ఇక సెలవు.