సుభాషిణికి రాసిచ్చే కాయితం

మళ్ల గదే అడుగుతానవేంది పాండురంగం సారూ? మరిది కొడుకు యాదగిరి ఉండంగ, విధవ కోడలి పేరు మీద ఇల్లు రాసుడేందని. ఇల్లు నాది. నడుము వంగేదాంక మగ్గం నేసి కట్టుకున్న. ఎవలికియ్యాల్నో నాకు ఎర్క లేదా?

జర ఆగు, దమ్ము తీసుకోనీ. నీ ఆఫీసు మెట్లు నాలుగే గని నాకు నలబై లెక్కనే ఉన్నయి. గుండె సగమే పనిచేస్తాందట, హనుమకొండ దవాఖానల చెప్పిండ్రు. కాళ్లు చూడు, ఎట్ల ఉబ్బినయో. అందుకే నా తొందర.

రాయి. పోశవ్వ, భర్త కీర్తిశేషులు మొగిలయ్య. ఒక్క అర్ర, ముంగట మగ్గం షెడ్డు, సుభాషిణికి. మగ్గం గూడ ఆమెకే. జంపకాన నాకంటె మంచిగ నేస్తది, అంచు వంకర పోనియ్యది. ఇత్తడి గంగాళం ఒకటి, అడుగున మాటేసింది. అదీ రాయి. నవ్వుతానవా? నవ్వు. ఎండి కడియాలు రెండు, మా అవ్వ పెట్టినయి. నీలం పట్టుచీర ఉన్నది, మూడుసార్లు కట్టిన్నో లేదో.

ఇగ ఏమున్నయి? కుర్చీ ఒకటున్నది. అది యాదగిరికియ్యి. వచ్చినప్పుడల్లా అండ్లనే కూసోని, ఇల్లెప్పుడు నాదైతదా అని గోడలు చూస్తడు.

కోడలంటే గంత పావురమా, గంత ప్రేమనా అంటవా. పావురమొక్కటే అయితే మంచిగనే ఉండేది.

నా కొడుకు మహిపాల్ పచ్చకామెర్లతోని పోయి ఎనిమిదేండ్లయింది. సుభాషిణికి అప్పుడు ఇరవై నాలుగు. పిల్లల్లేరు. తల్లిగారింటికి పొమ్మంటే, "నిన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి ఏడికి పోవాలె అత్తమ్మా" అన్నది. పొద్దుగాల్నే లేస్తది, కండెలు చుడ్తది, బువ్వ వండుతది, మగ్గం ఎక్కుతది. ఒక్కనాడు నన్నొక మాటన్లే.

మూడేండ్లు గడిచినంక రాజమౌళని ఒకాయన వచ్చిండు. మా వాడకట్టాయనే, బస్ డిపోల మెకానిక్. ఆమె రేషన్ షాపుకు పోయింది అప్పుడు. లోపటికి రమ్మంటే వచ్చి కూసున్నడు, చెంబెడు నీళ్లు తాగిండు.

"పెద్దమ్మా, సుభాషిణిని చేసుకుంటనని మా ఇంట్ల చెప్పిన, ఒప్పుకున్నరు. నువ్వొక్కసారి ఆమెనడుగు. ఇష్టం లేకుంటే మళ్ల ఈ గల్లి తొక్క. ఇష్టమైతే మాత్రం నువ్వు గూడ మాతోనే ఉండాలె" అన్నడు.

నాతోని ఎవలన్న గట్ల మాట్లాడి ఎన్నేండ్లయిందో.

నేనేమన్ననో ఎర్కేనా? "మళ్ల పెండ్లి చేసుకోనని ఆమె నాకు ఎప్పుడో చెప్పింది బిడ్డా" అన్న. ఆమె ఎన్నడు చెప్పలే సారూ. నేనెన్నడు అడగలే. నువ్వు గూడ మాతోనే అన్నడు గద, ఆ మాట నా చెవులకెక్కనే లేదు. ఇంట్ల నేనొక్కదాన్నే కూసున్నట్టు కనవడ్డది, గంతే.

ఆమె బియ్యం తీస్కొని వచ్చి, "ఎవరో వచ్చిండ్రట గద" అంటే, కరెంట్ బిల్లు కొట్టేటాయన అన్న.

కొన్ని దినాలకు ఆమెనే అన్నది. "అత్తమ్మా, రాజమౌళి ఎదురైతే తలకాయ వంచుకోని పోతాండు. ఎప్పుడు మంచిగ మాట్లాడేటోడు. నేనేమన్న తప్పు జేసిన్నా?" నేను కండె చుట్టుకుంటనే ఉన్న.

ఇప్పుడాయనకు పెండ్లయింది. నర్సంపేటల ఉంటాండు, ఒక బిడ్డ. ఇగ నేనేం జేసినా వాపసొచ్చేది లేదు. ఇల్లిస్తే తీరేది గాదు. ఆ సంగతి నాకు తెల్వదా?

గీ ముచ్చట గూడ రాయి. కలం కింద పెట్టకు. వీలునామల రాయరాదంటే వేరే కాయితం మీద రాసి కవర్ల పెట్టు.

మొకం మీదనే చెప్పమంటవా? చెప్పుదమనే అనుకున్న. నిన్న గూడ నోరు తెరిచిన. ఆమె నా కాళ్లు ఒళ్లె పెట్టుకోని నూనె రాస్తాంది. వాపు దిగిందా లేదా అని ఏలుతోని ఒత్తి చూస్తాంది. ఎట్ల చెప్పాలె, నువ్వే చెప్పు.

అయితే ఒక్కటి సారూ. ఆ కవరు, ఆమె నాకు కొరివి పెట్టినంకనే ఆమె చేతికియ్యి. ముందియ్యకు. చదివితే పెడ్తదో పెట్టదో.

అవును, గిప్పుడు గూడ నా సంగతే చూసుకుంటాన. నువ్వేమనకు, నాకు తెలుసు. రాయి.