తరగని డబ్బా

అధ్యక్ష స్థానంలో ఉన్న జనరల్ మేనేజర్ దీక్షిత్ గారికి, వేదిక మీది పెద్దలకు, యూనియన్ వాళ్లకు, క్యాంటీన్ మూసి మరీ వచ్చిన వాళ్లకు, మైకు ముందు నేను నోరు తెరవనని పందెం కాసి ముందు వరుసలోనే కూర్చున్న మా యాదగిరికి నమస్కారం. (నవ్వులు)

ఓడిపోయావు యాదగిరీ. "కాయితం జూసి సదివితే లెక్కకు రాదే మొగులన్నా" అంటున్నాడు. రాకపోతే మానె. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. ముప్పై నాలుగేళ్లు యుద్ధపు బండ్లకు నట్లు బిగించాను గాని మాటలు బిగించడం రాదు.

ఇందాక దీక్షిత్ గారు నాది మచ్చలేని సేవ అన్నారు. ఒక మచ్చ ఉంది సార్. నల్లగా, గుండ్రంగా ఉంటుంది. మధ్యలో కన్నం. (నవ్వులు)

లోపలి జవాన్లు బయటికి చూసే అద్దం కింద, వాన నీళ్లు దిగకుండా మనం వేసే ఉన్ని రింగు అది. అరచేతంత ఉంటుంది. అది లేనిదే బండి గేటు దాటదు. ఫారిన్ సరుకు, నీలం రేకు డబ్బాలో ఉంటుంది. దాన్ని మన దేశంలోనే చేసుకోవాలని మూడేళ్ల కింద ఉత్తర్వు వచ్చింది. ఎనిమిది కంపెనీలు నమూనాలు తెస్తే, ల్యాబులో హైమవతి మేడమ్ ఒక్కొక్కదాన్నీ డబ్బాలోని రింగు పక్కన పెట్టి చూసి, దేనికీ ఆ గట్టితనం లేదని ఎనిమిదింటినీ తిప్పి పంపింది. అసలు రింగుకు పరీక్ష చేయిస్తే, ఇది చలిదేశపు గొర్రె ఉన్ని, ఇక్కడ దొరకదు, పట్టించిన గంజి కంపెనీ రహస్యం అని నివేదిక వచ్చింది. ముగ్గురు ఆఫీసర్లు పదకొండు రోజులు ఆ దేశం పోయి వచ్చారు. అక్కడివాళ్లు రింగును తిప్పి తిప్పి చూసి, ఇది మాది కాదు, మేము చేయడం మానేసి ఇరవై ఏళ్లయింది, కానీ చాలా బాగుంది, మీరు ఎక్కడ కొంటున్నారు అని అడిగారట. రహస్యం దాస్తున్నారనుకుని మనవాళ్లు తిరిగొచ్చారు.

సార్, ఆ గొర్రెలు చలిదేశానివి కావు. జోగిపేట దారిలో మేస్తుంటాయి.

(గుసగుసలు)

ఇరవై రెండేళ్ల కింద ఒక వానరోజు బండి పంపాలి, డబ్బా ఖాళీ. నేను కప్పుకొచ్చిన గొంగడి అంచు రింగులా కోసి వేశాను. బండిని నీళ్ల తొట్టిలో దించితే చుక్క దిగలేదు. అప్పటి స్టోర్‌కీపర్ రత్నం గారు "మొగులయ్యా, తనిఖీవాళ్లు డబ్బాల నుంచి తీసిందే నమ్ముతరు, డబ్బాలెయ్" అన్నారు. వేశాను. వేస్తూనే ఉన్నాను. తరిగే డబ్బా గురించి అడుగుతారు గాని తరగని డబ్బా గురించి ఎవరూ అడగరు. తల ఎత్తండి రత్నం గారూ, మీరు రిటైరై ఆరేళ్లయింది. (నవ్వులు)

చెప్పలేదా అంటే, ఒక ఆఫీసరుకు చెప్పాను. "మిలిటరీ బండ్ల గొంగడా? పో, ఇంటికి పోయి పండుకో" అన్నాడు. తర్వాత నౌకరీ పోతుందని భయం వేసింది. ఇంకొకటి కూడా ఉంది. ఫారిన్‌ది ఫారిన్‌దేనని మీరంతా మెచ్చుకుంటుంటే వినడం బాగుండేది. అది తప్పే.

ఇవాళ్టితో రిటైరవుతున్నానని నెల కింద నింపడం ఆపాను, ఇప్పుడు డబ్బాలో ఆరు మిగిలాయి. షెడ్డులో నలభై బండ్లు ఆగి ఉన్నాయి. రింగుల కోసం ఇంకో దేశానికి పోయే కాగితం మీద రేపు సంతకం. గొంగళ్లు నేసే కురుమ బీరప్ప పోయిన వారం "కొనేటోడు లేడన్నా, మగ్గం అమ్ముత" అన్నాడు. అందుకే నోరు తెరిచాను.

దీక్షిత్ గారు అడుగుతున్నారు, "మరి ఆ ఎనిమిది నమూనాలు దేని ముందు ఓడిపోయినట్టు?" బీరప్ప గొంగడి ముందే సార్. హైమవతి మేడమ్ లేచి, "గంజి దేనితో?" అంటోంది. చింతగింజలతో అమ్మా. కంపెనీ రహస్యం అన్నది కొట్టేయి.

మీరు నాకు శాలువా కప్పారు. నేనూ ఒకటి తెచ్చాను, బీరప్ప నేసిన గొంగడి. సార్, కొంచెం వంగండి. గుచ్చుకుంటుంది, ఓర్చుకోండి. ఇది చలికి కాదు. ఇందులో నూట అరవై రింగులున్నాయి, బండికి నాలుగు చొప్పున నలభై బండ్లకు సరిపోతాయి. కోసే అచ్చు యాదగిరికి ఇస్తున్నాను, పందెం ఓడినందుకు.

నాకు శిక్ష వేస్తే పడతాను. రేపు సంతకం పెట్టేముందు మాత్రం ఒక్కసారి బీరప్ప ఇంటికి పోయి రండి. ఇరవై కిలోమీటర్లు. పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ దండాలు. సెలవు.