రెండు గొంతుల ఐటమ్

ప్రభుత్వ రేడియో భవనంలో రికార్డింగు గది. అద్దం అవతల ఇంజినీరు ఒక్కడే. ఇవతల ఇద్దరు: ప్రెసిడెంటు గొంతు అనుకరించి స్టేజీల మీద జనాన్ని నవ్వించే మిమిక్రీ ఆయన, ఆ ప్రెసిడెంటుకి కుడిచెయ్యిలాంటి సెక్రటరీ. ఇలాంటి ఇద్దరు ఒకచోట కూర్చున్నారంటే ఎవరికో మూడిందన్నమాటే.

“ఆపు, ఆపు. మళ్ళీ ఆగావు.”

“ఎక్కడ సార్?”

“‘ప్రతిపక్ష సోదరులంటే నాకు ప్రాణం’ అన్నావు. అని ఆగావు. ఎందుకాగావు?”

“అది... అలవాటు సార్.”

“ఏం అలవాటు?”

“స్టేజీ మీద ఆ మాట దగ్గర జనం నవ్వుతారు సార్. నవ్వు తగ్గేదాకా ఆగాలి. లేకపోతే తర్వాతి మాట వినపడదు.”

“ఇక్కడెవడైనా నవ్వుతున్నాడా?”

“లేదు సార్.”

“మరి ఇళ్ళల్లో రేడియో పెట్టుకుని వినేవాళ్ళు నవ్వాలా?”

“అయ్యయ్యో, లేదు సార్. ఈసారి ఆగను. ఆగితే చెప్పుచ్చుకు కొట్టండి. ఒక్కటి అడగనా సార్?”

“మీ బావ గురించేగా?”

“అవును సార్.”

“ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ప్రెసిడెంటుగారికి గొంతు ఆపరేషనైంది. డాక్టర్లు నోరు విప్పద్దన్నారు. సాయంత్రం ఆరింటికి ఆయన రేడియోలో మాట్లాడి తీరాలి. నువ్వు మాట్లాడితే ఆయన మాట్లాడినట్టే. ఆ పని సవ్యంగా అయిందనుకో, మీ బావని నీకప్పగిస్తాను.”

“అప్పగిస్తారు కదా సార్?”

“అప్పగిస్తాననే అంటున్నాను.”

“కోప్పడకండి సార్. మామూలు మనిషైతే అడగను. ప్రతిపక్ష నాయకుడు కదా, వదులుతారో లేదో అని...”

“నాయకుడా? ఎవరికి? జైలు గేటు ముందు రోడ్డు మీద కూర్చున్న మీ అక్కకి నాయకుడు. ఆమె వెనకాల పనీపాటా లేక కూర్చున్న జనానికి నాయకుడు.”

“అక్క కళ్ళజోడు పంపింది సార్. ఆ రోజు బావని తీసుకెళ్ళేటప్పుడు పాతది కిందపడితే ఎవరో తొక్కారట.”

“ఎవరో కాదు, నేనే. చూసుకోలేదు.”

“...పర్లేదు సార్. అది ఎలాగూ పాతదే. ఇది కొత్తది.”

“అక్కడ పెట్టు.”

“ఇది లేకపోతే పేపరు చదవలేడు సార్.”

“ఈ మధ్య పేపరు అడగట్లేదులే.”

“నడుం నొప్పి ఎలా ఉంది సార్? నేల మీద పడుకోలేడు.”

“నడుం నొప్పనీ అనట్లేదు.”

“మంచం ఇచ్చారా?”

“ఇచ్చాం. ఇనప మంచం. గది కూడా చల్లగా ఉంటుంది. ఇంకేం కావాలి, విసనకర్రతో విసరమంటావా?”

“అయ్యో, చాలు సార్. చాలా థాంక్స్ సార్. ఎవరెన్ని అన్నా మీరు మంచివాళ్ళు సార్.”

“ఎవరేమన్నారు?”

“ఎవరూ ఏమనలేదు సార్.”

“చదువు.”

“‘ప్రతిపక్షాన్ని నేను ఏనాడూ శత్రువుగా చూడలేదు. చర్చలకు నా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి...’ సార్.”

“మళ్ళీ ఏమొచ్చింది?”

“తలుపుల మాట తీసేద్దాం సార్. ఎందుకంటే... పోయినసారి కూడా చర్చలకనే పిలిచారు. బావనీ, బావతో వెళ్ళినవాళ్ళందర్నీ ఆ బల్ల దగ్గరే పట్టుకున్నారు. కాఫీ కప్పులు చేతిలో ఉండగానే.”

“కాఫీ తాగనిచ్చాంగా.”

“సగమే సార్.”

“ఇప్పుడు నువ్విక్కడికి వంతెన మీదుగా వచ్చావా, ఏరు ఈదుకుంటూ వచ్చావా?”

“వంతెన మీదుగానే సార్.”

“ఎవరు కట్టించారు?”

“ప్రెసిడెంటుగారే సార్.”

“మీ వీధిలో కరెంటు పోతోందా?”

“పోవట్లేదు సార్. ఉన్నమాట చెప్పాలి కదా, పోవట్లేదు.”

“మీ బావ పార్టీ ఏలినప్పుడో?”

“రోజూ పోయేది. ఒంటికి సబ్బు రాసుకున్నాక నీళ్ళు కూడా పోయేవి. మా అక్క బావని వంటింట్లో నిలబెట్టి కడిగేసేది సార్, ‘దేశాన్ని తర్వాత ఉద్ధరిద్దురు గానీ ముందు కుళాయి సంగతి చూడండి’ అని.”

“మరి? ఏరు దాటించినవాడు, దీపం వెలిగించినవాడు మీకు దుర్మార్గుడు. సబ్బు నురగతో నిలబెట్టినవాడు మహాత్ముడు.”

“బావ కూడా కాదనడు సార్. ‘కరెంటు ఇచ్చాడురా, ఒప్పుకుంటాను. ఆ వెలుతుర్లో నిలబడి ప్రశ్న అడిగేవాణ్ని మాత్రం ఉంచట్లేదు’ అంటాడు. పార్లమెంటులో బావ లేచాడంటే చాలు, మైకు ఆగిపోయేది.”

“అది పాత మైకు.”

“ఆయనదొక్కటేనా సార్?”

“ఆయన కూర్చునే వైపంతా పాతవే. మీ బావకి మాటలు బాగా వచ్చేవి.”

“వచ్చేవి ఏంటి సార్?”

“బయటున్నప్పటి సంగతి అంటున్నాను. లోపల ఎవరితో మాట్లాడతాడు, గోడతోనా? ప్రతిదానికీ ఉలిక్కిపడతావేంటి?”

“లేదు సార్. ఏదో... సరే సార్.”

“అవునూ, రెండు గొంతుల ఐటమ్ ఒకటి చేసేవాడివట. ప్రెసిడెంటుగారూ, మీ బావా వాదించుకుంటున్నట్టు.”

“అది మానేశాను సార్.”

“మానేశావా, మాన్పించామా?”

“మాన్పించారు సార్.”

“ఇప్పుడు చెయ్యి.”

“ఇక్కడా? వద్దు సార్. బావ విడుదలయ్యే రోజు...”

“మీ బావ కోసమే చెయ్యమంటున్నాను. భయపడకు. నాకూ ఎప్పుడో ఒకసారి నవ్వాలని ఉంటుంది.”

“తర్వాత ఏమీ అనరు కదా సార్?”

“చెయ్యవయ్యా బాబూ.”

“ముందు ప్రెసిడెంటుగారు. ‘ఏమయ్యా తమ్ముడూ, వంతెన కట్టించాను, చూశావా?’ ఇప్పుడు మా బావ. ‘చూశానండీ, బ్రహ్మాండంగా ఉంది. మా ఊరేగింపు ఉన్న రోజునే దానికి మరమ్మతులు వస్తాయి, అదొక్కటే లోపం.’”

“హహ! కానీ, కానీ.”

“‘మీ పార్టీవాళ్ళంతా వరసకట్టి నా దగ్గరికి వచ్చేస్తున్నారే, నాలో ఏం చూశారంటావు?’ ‘మీలో ఏమీ చూళ్ళేదండీ. మీ చంకలో ఉన్న ఫైల్లో వాళ్ళ పేర్లు చూశారు.’”

“అబ్బా! ఇది మీ బావ రాసిందా, నువ్వా?”

“ఇద్దరం సార్. ‘ఒకప్పుడు మనిద్దరం ఒకే పార్టీ, ఒకే స్కూటరు. ఊరంతా పోస్టర్లు అంటించాం. మర్చిపోయావుటయ్యా?’ ‘ఎలా మర్చిపోతానండీ? జిగురు బకెట్టు నేను మోశాను. ఫొటో మీది అంటించాం.’”

“ఇదుగో, అద్దం వెనకాల ఇంజినీరు కూడా నవ్వుతున్నాడు. ఏయ్, నీ నవ్వు చాల్లే, నీ పని చూసుకో. ఊఁ, తర్వాత?”

“ఇక చివరిది సార్, బావని పట్టుకున్నాక నేనే కలిపాను. ‘చర్చలకి పిలిచానా, లేదా?’ ‘పిలిచారండీ. వచ్చాం. వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో భోజనాలు ఇంకా మూతలు పెట్టే ఉన్నాయి.’”

“...ఇక్కడ కూడా జనం నవ్వుతారా?”

“ఇక్కడ నవ్వరు సార్. లేచి నిలబడతారు.”

“ఊఁ. మీ బావ గొంతు భలే పట్టావు. కళ్ళు మూసుకుంటే ఎదురుగా ఆయనే ఉన్నట్టుంది. ఆయనకి తెలుసా?”

“ఆయనే ఎదురుగా కూర్చుని దిద్దాడు సార్. ‘నేను మరీ అంత ముక్కుతో మాట్లాడతానట్రా వెధవా’ అని నవ్వేవాడు. ప్రెసిడెంటుగారి గొంతుది పెద్ద గొప్పేం కాదు సార్, సందుకొకడు చేస్తాడు. బావది కష్టం. ఆయన మాట మొదలెట్టే ముందు ముక్కులోంచి ‘హుఁ’ అని గాలి వదులుతాడు. అది పట్టడానికి నాకు ఏళ్ళు పట్టింది.”

“ఇంట్లోవాళ్ళు కనిపెట్టేస్తారేమో?”

“భలేవారే! ఇంట్లోనే కదా సార్ నా ప్రాక్టీసంతా. బావ బయటికెళ్ళినప్పుడు హాల్లో కూర్చుని ‘ఏమోయ్, నా కళ్ళజోడెక్కడ?’ అనేవాణ్ని. అక్క వంటింట్లోంచి ‘ఫ్రిజ్జు మీద ఉందండీ, కాస్త కళ్ళు పెట్టి చూడండి’ అనేది. ఒక్కసారి కూడా కనిపెట్టలేదు. కట్టుకున్న మనిషి సార్! ఇంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలి?”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారంటే ఒక్కసారి కూడా.”

“ఫోన్లో అయితే?”

“ఫోన్లో ఇంకా సులువు సార్. మొహం కనపడదు కదా.”

“మంచిది. ఇక ఆగకుండా ఒకటే ఊపున చదివెయ్యి.”

“‘నా ప్రియమైన ప్రజలారా. ప్రతిపక్ష సోదరులంటే నాకు ప్రాణం. ప్రతిపక్షాన్ని నేను ఏనాడూ శత్రువుగా చూడలేదు. చర్చలకు నా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. ఆ చర్చలు ఈ రోజు కూడా సుహృద్భావంతో సాగుతున్నాయి. అందరూ ప్రశాంతంగా ఇళ్ళకు వెళ్ళండి.’”

“శభాష్. అయింది. ఇంజినీరు కూడా బాగుందంటున్నాడు.”

“హమ్మయ్య. అయితే నేను జైలుకెళ్ళి బావని...”

“కూర్చో.”

“ఎవర్నీ పంపక్కర్లేదు సార్, నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చుకుంటాను. కళ్ళజోడు కూడా నేనే...”

“కూర్చోమన్నాను. ఇంకో చిన్న పనుంది. ఫోను.”

“ఎవరికి సార్?”

“మీ అక్కకి. ‘ఆయన గొంతు నా చెవులతో వినేదాకా ఇక్కణ్ణించి లేవను’ అని భీష్మించుకుంది. ఆమె లేస్తే గానీ జనం లేవరు.”

“ఓస్, అంతేనా సార్? బావ చేతికి ఫోనివ్వండి. ఆయనొక్క మాటంటే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెడుతుంది.”

“ఆయనే మాట్లాడగలిగితే పొద్దుణ్ణించీ నీతో నాకెందుకయ్యా ఈ సోదంతా?”

“...అంటే?”

“గురువారం.”

“గురువారం ఏంటి సార్?”

“గుండె ఆగింది.”

“ఆగిందా, ఆపారా?”

“ఆగిందని రాశాం.”

“అప్పగిస్తానన్నారు సార్. నాకు అప్పగిస్తానన్నారు!”

“అప్పగిస్తాను. నేను మాట మీద నిలబడే మనిషిని. బండి కూడా ఇస్తాను.”

“మంచం ఇచ్చామన్నారు... గది చల్లగా ఉందన్నారు... నేను మీకు థాంక్స్ చెప్పాను సార్...”

“ఏడవకు. ఏడిస్తే గొంతు జీరపోతుంది. ఇదుగో, నీళ్ళు తాగు.”

“నేను చెయ్యను.”

“నీ ఇష్టం. ఆరింటికి నీ మాటలు రేడియోలో వస్తాయి. అవి అయిపోగానే గేటు ఖాళీ చేయిస్తాం. లాఠీలతో కాదు, ఈసారి తుపాకులకే ఆర్డరుంది. ముందు వరసలో ఎవరు కూర్చున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు ఒక బండి కాదు, రెండు బళ్ళు ఇవ్వాల్సొస్తుంది.”

“సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. అక్కని వదిలెయ్యండి. ఆమెకేం తెలీదు.”

“నా కాళ్ళెందుకు? ఫోను పట్టుకో. మీ అక్క నీ చేతిలో ఉంది, నా చేతిలో లేదు. ముందు ఇంటికెళ్ళనీ, నాలుగు రోజులయ్యాక మేమే మెల్లగా చెప్తాం. ఏం అనాలో విను. బాగున్నాను, చర్చలు జరుగుతున్నాయి, అందరూ లేచి వెళ్ళండి. అంతే. కానీ ముందు ఫోను మైకు దగ్గర పెట్టమను. అక్కడ వాళ్ళకో మైకుంది. ఆమె ఒక్కతే వింటే చాలదు, ఆ జనమంతా వినాలి.”

“అక్క కనిపెడితే?”

“ఒక్కసారంటే ఒక్కసారి కూడా కనిపెట్టలేదన్నావుగా? మోగుతోంది. ఇదుగో. గాలి వదలడం మర్చిపోకు.”

“హలో? ఎవరండీ?”

“హుఁ... ఏమోయ్. నేనే.”

“...ఏమండీ? మీరేనా?”

“నేనే. బాగున్నాను. నువ్వు ముందు ఆ ఫోను మైకు దగ్గర పెట్టు. అందరితో ఓ మాట చెప్పాలి.”

“కళ్ళజోడు అందిందా?”

“అందింది. పెట్టుకునే ఉన్నాను.”

“బాగా కనిపిస్తోందా?”

“...కనిపిస్తోంది. మైకు దగ్గర పెట్టవోయ్.”

“పెడుతున్నా. ఉండండి. అమ్మా, కాస్త జరగండి. పిల్లల్ని ఏడవనివ్వకండి... ఆఁ, పెట్టాను. అందరూ వింటున్నారు.”

“చర్చలు జరుగుతున్నాయి. మీరంతా లేచి, ఇళ్ళకి...”

“తమ్ముడూ, చాల్లేరా. నువ్వు హాల్లో కూర్చుని కళ్ళజోడు అడిగినప్పుడల్లా, పాపం నీ సరదా ఎందుకు చెడగొట్టాలని పలికేదాన్ని. అంతేరా. ఇప్పుడు నీ గొంతుతోనే చెప్పు, అందరూ వింటున్నారు. మీ బావ ఎప్పుడు పోయారు?”