తేట నీళ్ళ పాఠం

"ఆ గ్లాసులో నీళ్ళు తర్వాత ఎవరు తాగారమ్మా?" అని సంతోషమ్మగారు అడిగినప్పుడు మొదలైంది నాకు ఈ గుబులు.

ఆవిడ రిటైరైన టీచరు. తాడేపల్లిగూడెంలో ఉంటారు. పంతొమ్మిదివందల ముప్పైల్లో ఏలూరులో ట్రైనింగై, కొల్లేరు లంకల్లో సైన్సు చెప్పారని తెలిసి టేప్ రికార్డరు పట్టుకుని వెళ్ళాను. నా ఎం.ఎడ్. పరిశోధన కూడా లంక బళ్ళ మీదే. మూడు కుండలతో నీళ్ళు వడగట్టే పాఠాన్ని పిల్లల చేతే చేయిస్తే ఎంత బాగా వస్తుందో చూడటం. సగం బళ్ళలో చెప్పేశాను, పరీక్ష పెట్టాను, మార్కులు బాగా వచ్చాయి. మిగతా బళ్ళ టీచర్లకి సోమవారం నేనే ట్రైనింగు ఇవ్వాలి. చెప్పేసిన బళ్ళలో తీసిన ఫోటోలు ఆవిడకి చూపిస్తున్నాను. ఒకదాంట్లో పిల్లలు తేట నీళ్ళ గ్లాసు పైకెత్తి నవ్వుతున్నారు.

"తెలీదండీ. ఎందుకు మామ్మగారూ?" అన్నాను. ఆ తర్వాత ఆవిడ చెప్పింది, టేపులో ఉన్నది ఉన్నట్టు టైపు కొడుతున్నాను.

ఎందుకా? చెప్తాను. ముందు ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినపడట్లేదు. ఆఁ. ఎక్కణ్ణించి చెప్పను... మా నాన్న పోయాక మా అమ్మా, నేనూ, ఇద్దరు తమ్ముళ్ళూ. ఇక్కడే, గూడెంలోనే, చర్చి వెనకాల తాటాకు ఇంట్లో. మిషనులో దొరసానమ్మగారు నన్ను ఏలూరు ట్రైనింగులో వేశారు. నాకప్పుడు పంతొమ్మిది. కాదు, పద్దెనిమిదే, మా పెద్దతమ్ముడికి కోరింతదగ్గు వచ్చిన ఏడు. వాడు ఆ తర్వాత రైల్వేలో చేరాడులే, మొన్నమొన్ననే పోయాడు. వాడి సంగతి ఇప్పుడెందుకు.

అక్కడ పాఠం చెప్పడం కన్నా పాఠం రాయడం ఎక్కువమ్మా. నోట్స్ ఆఫ్ లెసన్ అనేవాళ్ళు. ఎడంపక్క మనం ఏం అడగాలో, కుడిపక్క పిల్లలు ఏం చెప్పాలో. పిల్లలు చెప్పబోయేది కూడా మనమే ముందు రాసెయ్యాలన్నమాట. నవ్వుతావేం? మీరూ అలాగే రాస్తున్నారా ఇంకా? చూశావా మరి.

ట్రైనింగైనంత మాత్రాన అయిపోలేదు. బళ్ళో చేరాక ఇనస్పెక్ట్రెస్సుగారు వచ్చి, మన పాఠం ఒకటి కూర్చుని చూసి, బాగుందంటే సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాలి. అది పడితేనే ఉద్యోగం నిలిచేది. పడకపోతే ఎప్పుడైనా తీసెయ్యచ్చు. మా అమ్మకి నా జీతమే ఆధారం. నాలుగు రాళ్ళే అనుకో, అయినా అవే. ఆ సంతకం అంటే నాకెంత భయమో ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది గానీ, అన్నం సహించేది కాదు.

నన్ను ఓ లంకలో వేశారు. గుండుగొలను దాకా బస్సు, అక్కణ్ణించి ఎడ్లబండి, తర్వాత దోనె. దోనె ఎక్కావా ఎప్పుడైనా? తాటిమొద్దు తొలిచి చేస్తారు, తుమ్మితే తిరగబడుద్ది. పడవైతే అణా అడిగేవాళ్ళు, దోనెవాళ్ళు ఊరికే ఎక్కించుకునేవాళ్ళు, టీచరుగారని.

నాకు ముందు చేసిన టీచరుగారు బళ్ళో మూడు కుండలు పెట్టి బదిలీ మీద వెళ్ళిపోయారు. నీ ఫోటోలో ఉన్నవే, అచ్చం. పై కుండలో బొగ్గు, మధ్య కుండలో ఇసక, అడుగున ఖాళీది. ట్రైనింగు స్కూలు వాళ్ళే కట్టిన పాఠం అది, మోడలు పాఠమని పేరు. వరదలప్పుడు కొల్లేటి నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసుగా, కాఫీలాగ. అవి పైన పోస్తే కింద ముఖం కనపడేంత తేటగా వచ్చేవి. పక్క లంకలోంచి దోనెలేసుకుని వచ్చి మరీ చూసేవారంట.

అంతకుముందు హెల్తు వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళు కాచి తాగండని చెప్పి చెప్పి, కొన్ని ఇళ్ళల్లో అలవాటు చేశారు. లంకలో కాచడం అంటే ఏవనుకున్నావ్? కట్టెల్లేవు. కిక్కిస ఉంటుంది, అదే, కొల్లేట్లో పెరిగే గడ్డి, పొడుగ్గా ఉంటుంది చూడు, అది ఎండబెట్టుకుంటే అన్నం ఉడకడానికే సరిపోదు. ఈ కుండలొచ్చాక ఇళ్ళల్లోనూ అలాంటివే పెట్టుకుని, కాచడం మానేశారు. మానమని ఎవరూ చెప్పలేదమ్మా. పాఠంలో మానమని లేదు. కాచమనీ లేదు. తేటగా వచ్చాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు, గంట కొట్టారు, అయిపోయింది పాఠం.

వానలు పడ్డాక కలరా వచ్చింది.

...

లేదులే, బాగానే ఉన్నాను. నాంచారని ఓ పిల్ల, నాలుగో క్లాసు. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. వాళ్ళ చంటాడు పోయాడు. నేను వాళ్ళింటికి వెళితే ఆ పిల్ల గడప దగ్గర నిలబడి, "బళ్ళో చెప్పినట్టే వడగట్టామండీ టీచరుగోరూ. తేటగానే ఉన్నాయండీ" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తనే పాఠం తప్పు అప్పజెప్పిందేమోనన్నట్టు చూస్తోంది నా మొహంలోకి.

మళ్ళీ అందరూ కాచుకోవాలని పిల్లల్ని వెంటేసుకుని తిరిగాను. ఒకావిడ అంది, "నిరుడు బడివాళ్ళే కుండలు పెట్టమన్నారు, ఇప్పుడు బడివాళ్ళే చాలదంటున్నారు, మీలో మీరు తేల్చుకుని రండి" అని.

ఈలోగా కబురొచ్చింది. ఇనస్పెక్ట్రెస్సుగారు వస్తున్నారు, కుండల పాఠమే చూస్తారు, కొత్త టీచరు చేత చెప్పించండి, అని. మా పెద్ద మాస్టారితో అన్నాను, "ఈ పాఠం ఇలా చెప్పలేనండీ, చివర ఇంకో ముక్క ఉండాలండీ" అని. ఆయన మంచాయనేనమ్మా, మహా పిరికి. "ఏవండీ టీచరుగారూ, నోట్సులో ఉన్నది చెప్పండి. లేనిది మనసులో పెట్టుకోండి. సంతకం పడ్డాక కావాలంటే రోజూ చెప్పుకోండి, నేను అడ్డమా?" అన్నాడు. అదీ నిజమేగా. రెండు మూడు రోజులు అదే సరైన మాట అనుకున్నాను. సంతకం పడనియ్యి ముందు, అమ్మ ఉంది, తమ్ముళ్ళున్నారు... అనుకోవడం, మళ్ళీ క్లాసులో నాంచారు ఎదురుగా కూర్చోవడం.

ఆవిడ వచ్చారు. పడవ దిగేటప్పటికే చీర కుచ్చిళ్ళు తడిసి, చెమటలు. మంచి మనిషి, గొంతు కూడా లేచేది కాదు. కుర్చీ వేశాం. పాఠం చెప్పాను, నోట్సులో ఉన్నట్టే. తేట నీళ్ళు వచ్చాయి. పిల్లలు చప్పట్లు. ఆవిడ పెన్ను మూత తీశారు కూడా.

నేను కూర్చోవాలి. కూర్చోలేదు. దోసెడు ఉప్పు చెంబుడు నీళ్ళలో కలిపి పై కుండలో పోశాను. మరి చుక్కచుక్క పడాలి గదా, ఎంతకీ రావు. ఆవిడ వాచీ చూసుకుంటున్నారు. పెద్ద మాస్టారు గుమ్మం దగ్గర నుంచి నాకేసి ఇలా, ఇలా, చేత్తో వద్దు వద్దని. పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయారు వెధవలు. వాళ్ళకి రాదు, నాకూ ఆ కంగారులో గుర్తు రాలేదు.

పడ్డాయి చివరికి. తేటగానే ఉన్నాయి, ఇందాకటిలాగే. ఆ నీళ్ళు కుంపటి మీద పెనంలో పోశాను. ఇగిరిపోయాక అడుగున తెల్లగా అంటుకుంది. ఎండాకాలం ఉప్పుటేట్లోంచి సముద్రపు నీళ్ళు ఎగదన్నినప్పుడు మా గట్ల మీద తెల్లగా పేరుకుంటుంది చూడు, అలాగ. పిల్లలకి అది తెలిసిన సంగతేగా, "ఉప్పండీ, ఉప్పండీ" అన్నారు. "మరి కుండలోంచి ఎలా దిగిందర్రా, నీళ్ళు తేటగానే ఉన్నాయిగా?" అన్నాను. కంటికి కనపడేది కుండ ఆపుతుంది, కనపడనిది ఆపదు, కలరా పురుగూ అంతే, అందుకని కాచాలి, అన్నాను.

అప్పుడు నాంచారు లేచింది. "కాచినా ఉప్పు పోలేదుగదండీ. మరి పురుగెలా పోద్దండీ?"

నోట్సులో కుడిపక్క ఆ ముక్క లేదమ్మా. ఎవరు రాస్తారు అలాంటిది? తడుముకుని అన్నాను, "ఉప్పుకి ప్రాణం లేదు, పురుగుకి ఉంది. వేడినీళ్ళల్లో చేప బతుకుతుందా?" బతకదండీ అని కూర్చుంది. ఇప్పటికీ అనుకుంటాను, ఆ జవాబు సరిపోయిందా లేదా అని. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పాలి.

ఇనస్పెక్ట్రెస్సుగారు మెల్లిగా, "పాఠం సాధించినదాన్ని చివర మీరే పాడుచేశారు. పిల్లలు సంతోషంగా ఉన్నచోట ఆపాలి" అన్నారు. అని, దాహంగా ఉందమ్మా, ఆ మొదటి నీళ్ళు ఓ గ్లాసు ఇవ్వండి, అన్నారు. నాంచారు కుండకి దగ్గర్లో కూర్చుంది. కదల్లేదు. ఆవిడ మళ్ళీ అడిగారు. "వద్దండమ్మగోరూ, అవి కాచలేదండీ. ఆగండి, మా టీచరుగోరింట్లోవి తెస్తాను" అని పరిగెత్తింది.

వేడివేడి నీళ్ళు తాగారమ్మా ఆవిడ, ఊదుకుంటూ.

సంతకం? పెట్టలేదు. నోట్సు దాటి చెప్పారు, మళ్ళీ చూడాలి, అని రాసి వెళ్ళారు. అదే నువ్వడుగుతున్నది, నాకు తెలుసు. పిల్ల అలా అన్నాక కూడా పెట్టలేదు. ఏడాది పైన ఆ భయంతోనే ఉద్యోగం చేశాను. గుమ్మం దగ్గర పోస్టువాడి నీడ పడితే, తీసేశామన్న కాగితమేమో అనుకునేదాన్ని. మరుసటేడు వేరే ఆవిడ వచ్చారు. ఈసారి ఏంచేశానంటే, ఉప్పూ పెనమూ నోట్సులోనే రాసేశాను ముందుగా. నాంచారు ప్రశ్న కూడా రాశాను, కుడిపక్క. నోట్సు ప్రకారం చక్కగా చెప్పారని సంతకం పెట్టి వెళ్ళారావిడ. అంతే తేడా.

కాఫీ చల్లారిపోతోంది తాగు. నువ్వు మాత్రం ఇంకా చెప్పాల్సిన బళ్ళలో మార్చుకోవచ్చులే. చెప్పేసిన చోట్ల సంగతే... వాళ్ళు ఇళ్ళకెళ్ళి ఏం చేస్తున్నారో... సరే, నేనెవర్ని చెప్పడానికి. నీ పిల్లలు నిన్ను నిలబెట్టి అడిగేవాళ్ళు కావాలమ్మా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. అది ఆపెయ్యి ఇంక, తిరుగుతూనే ఉంది...

టేపు ఇక్కడితో అయిపోయింది.

తిరిగొచ్చి నా పాఠం నోట్సు తీసి చూశాను. చివరి మెట్టులో, "పిల్లలు తేట నీటిని పరిశీలించి ఆనందిస్తారు" అని నేనే రాశాను. కాచడం గురించి ఒక్క ముక్క లేదు. పరీక్షలో ఆ ప్రశ్నే లేదు గనక మార్కులు బాగానే వచ్చాయి.

మా గైడుగారికి ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు. "సగం బళ్ళలో ఒక పాఠం, సగంలో ఇంకో పాఠం చెబితే దేన్ని దేంతో పోలుస్తావమ్మా? రీసెర్చి పాడవుతుంది. సోమవారం ఉన్నది ఉన్నట్టు కానివ్వు. థీసిస్ ఇచ్చాక అన్ని బళ్ళకీ వెళ్ళి చెప్పిరా, ఎవరొద్దన్నారు?" అన్నారు. థీసిస్ ఇచ్చేది వానాకాలం దాటాక. సంతకం ఆయనే పెట్టాలి.

చెప్పేసిన బళ్ళకి రేపే వెళితే ఏడాది పని పోతుంది, ఆయనకి కోపం వస్తుంది. వెళ్ళకపోతే, ఆ పిల్లలు ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారో నాకు తెలీదు. కొన్ని ఇళ్ళల్లో గ్యాసు ఉంది, కాచుకుంటారులే అనుకుంటాను. కుళాయి ఉందిలే అనుకుంటాను. మళ్ళీ ఫోటో చూస్తాను.

ఈ పత్రిక చదివే టీచరుగార్లలో చాలామంది ఇలాంటి పాఠాలు ఎన్నో చెప్పి ఉంటారు. గైడుగారికి ఎదురు చెప్పినవాళ్ళూ, చెప్పలేక ఊరుకున్నవాళ్ళూ మీలో ఉంటారు. ఇది మీ చేతికొచ్చేసరికి ఆ సోమవారం దాటిపోయి ఉంటుంది, అయినా అడుగుతున్నాను. నా స్థానంలో మీరుంటే ముందు ఎక్కడికి వెళ్ళేవారండీ, సోమవారం ట్రైనింగుకా, ఆ బళ్ళకా?