మూత మెత్తగా పడాలి

చిన్న కంపెనీల ఆట కార్డులకు పెట్టెలు డిజైన్ చేసే వదినకి, పొద్దుట్నుంచి అట్టలు కోసీ కోసీ చెయ్యి లాగుతోంది. కొత్తగా కార్డుల బ్రాండ్ పెడుతున్న ఆడపడుచు ఎదురుగా కూర్చుని శాంపిల్ పెట్టె మూత తీస్తోంది, వేస్తోంది.

“మూత ఇంకాస్త మెత్తగా పడాలి వదినా.”

“మొన్న రంగు బాలేదన్నావ్. నిన్న మూతలో పెట్టిన అయస్కాంతం గట్టిగా ఉందన్నావ్. మీ అన్నయ్య కూడా నన్నింత సతాయించలేదే తల్లీ.”

“సతాయిస్తే నువ్వూరుకుంటావా?”

“సరే, నీ కార్డులు తే, పెట్టి చూద్దాం. ఎప్పుడూ ఈ తెల్ల అట్టముక్కలే ఇస్తావేం?”

ఆడపడుచు చెయ్యి మూత మీదే ఆగిపోయింది.

“కార్డులు లేవు వదినా. గీసినవన్నీ చించేశాను. పెట్టె బాగా కుదిరితే బొమ్మలూ కుదురుతాయనుకున్నా.”

“ఆలూ లేదు చూలూ లేదు, ఉయ్యాల మాత్రం నాతో చేయిస్తున్నావన్నమాట! ఒక్కటీ మిగల్లేదా?”

“ఒక్కటుంది. చించడానికి చేతులు రాలేదు.”

సంచిలోంచి తీసిన కార్డు మీద మూడుకాళ్ల నక్క ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది. వదిన దాన్ని చాలాసేపు చూసింది. స్కేలు పెట్టి కొలిచి, మళ్లీ కత్తి అందుకుంది.

“ఏం చేస్తున్నావ్?”

“ఒక్క కార్డే పట్టే పెట్టె. నీ దగ్గర నిండిన పెట్టె ఒకటుంటే, రెండో బొమ్మ అదే వస్తుంది.”

“వదినా...”

“తెలుసులే. మూత మెత్తగా పడాలి.”